అమ్మకం బాగానే ఉంది... మరి గిట్టుబాటవుతోందా?

"ఇంట్లో ఊరికే కూర్చోవడం ఎందుకు, ఏదైనా చేస్తే నాలుగు రాళ్లు వస్తాయి కదా!" ఈ మాట అనుకోని ఇల్లాలు ఈ రోజుల్లో తక్కువ. ఒకరు ఇడ్లీ పిండి రుబ్బి ప్యాకెట్లు కడతారు. ఇంకొకరు జాకెట్లు కుడతారు. మరొకరు చెన్నై రైలెక్కి షావుకారుపేట నుంచి చీరలు తెచ్చి వాయిదాల మీద అమ్ముతారు. సూళ్లూరుపేట లాంటి ఊళ్లో వీటికి గిరాకీ కూడా ఉంటుంది. ఒక పక్క శ్రీహరికోటకి వెళ్లే షార్ బస్సులు, ఇంకో పక్క తడ, శ్రీసిటీ వైపు కంపెనీ బస్సులు, తెల్లారేసరికి చెన్నై లోకల్ అందుకోవాలని పరుగెత్తేవాళ్లు. పొద్దున్నే ఇల్లు వదలాల్సిన ఆడవాళ్లలో పప్పు నానబోసి, రాత్రి రుబ్బి పెట్టుకునే ఓపిక ఎందరికి ఉంటుంది? ప్యాకెట్టే కొంటారు.

గిరాకీ ఉంది, చేతిలో పనితనం ఉంది. కానీ ఆరు నెలలయ్యాక "ఏమ్మా, ఎలా ఉంది వ్యాపారం?" అని అడిగి చూడండి. జవాబు చిత్రంగా ఉంటుంది. "అమ్మకం బాగానే ఉంది వదినా, డబ్బులే కనపడటం లేదు!"

డబ్బులు ఎందుకు కనపడటం లేదు? ఆయన జేబులోకి పోతున్నాయా, పిల్లల ఫీజులకి పోతున్నాయా, అసలు వస్తున్నాయా? చాలామందికి తెలియదు. రోజూ సాయంత్రం డబ్బాలో నోట్లు పడుతుంటాయి కాబట్టి లాభమే అనుకుంటారు. డబ్బాలో పడిన నోట్లన్నీ లాభం కాదు. వాటిలో బియ్యం కొట్టు వాడివి కొన్ని, కరెంటు వాళ్లవి కొన్ని, సంఘం వాయిదావి కొన్ని. అందరివీ పోగా మిగిలేదే మీది. అసలు మిగలడం అనేది ఎప్పుడు మొదలవుతుంది? రోజుకి ఎన్ని ప్యాకెట్లు దాటాక? ఆ ఒక్క అంకె తెలిస్తే సగం దిగులు తీరుతుంది. లెక్కల వాళ్లు దాన్ని బ్రేక్ ఈవెన్ పాయింట్ అంటారు. లాభమూ నష్టమూ లేని చోటు అన్నమాట. మనకి అంతకంటే మంచి మాటే ఉంది: గిట్టుబాటు.

ఈ అంకె కట్టడానికి పదో తరగతి లెక్కలు చాలు. తరగతిలో "ప్రమేయాలు" అన్నప్పుడు ఇవి మనకెందుకు పనికొస్తాయిలే అని కిటికీలోంచి బయటికి చూసిన వాళ్లకి కూడా చాలు! పక్కనే శ్రీహరికోటలో 1979 ఆగస్టు 10న మొదటి ఎస్‌ఎల్‌వీ ఎగిరినప్పటి నుంచీ రాకెట్ దారుల లెక్కలు వేస్తూనే ఉన్నారు. వాళ్ల గీతలు వంపులు తిరుగుతాయి. మనవి తిన్నగా పోతాయి, కాబట్టి మనకి సులువే.

ఖర్చుల్లో రెండు రకాలు

ఒక ఇల్లాలు ఇడ్లీ పిండి వ్యాపారం పెట్టిందనుకుందాం. పేరు మీకిష్టమైంది పెట్టుకోండి. కింద వేసే ధరలు ఉదాహరణకి మాత్రమే. మీ వీధిలో మినపగుళ్లు ఎంతో మీకే తెలుసు, ఆ అంకెలు వేసుకోండి.

ముందు ఖర్చుల్ని రెండుగా విడదీయాలి. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. అన్నీ ఒకే పుస్తకంలో, ఒకే వరుసలో రాసేసుకుంటారు.

మొదటి రకం, ఒక్క ప్యాకెట్టు అమ్మకపోయినా నెల తిరిగేసరికి కట్టక తప్పనివి. గ్రైండర్ కోసం తీసుకున్న అప్పు వాయిదా 2,400. ముందు గది అద్దె 1,500. ఫ్రిజ్ తిరిగినందుకు కరెంటు 600. ఫోను, ఆహార పదార్థాలు అమ్మేవాళ్లకి ఉండాల్సిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్, ఎప్పుడో ఒకప్పుడు వచ్చే రిపేరు, వీటన్నిటికీ కలిపి నెలకి 300 పక్కన పెడదాం. మొత్తం 4,800. వీటిని స్థిరమైన ఖర్చులు అంటారు. మీకు జ్వరమొచ్చి పదిరోజులు మంచం పట్టినా ఇవి ఆగవు. (అకౌంటెంటు ఎవరైనా ఇది చదివితే ముఖం చిట్లించవచ్చు. వాయిదాలో అసలు భాగాన్ని వాళ్లు ఖర్చుగా ఒప్పుకోరు, బదులుగా మిషను అరుగుదల వేస్తారు. ఇంటి లెక్కకి మాత్రం వాయిదా వేసుకోవడమే మేలు. ఒకటో తారీఖున చేతిలో ఉండాల్సిన డబ్బు అదే కదా!)

రెండో రకం, ప్యాకెట్టు ప్యాకెట్టుకీ పెరిగేవి. నాలుగు కిలోల ఇడ్లీ బియ్యం, కిలో మినపగుళ్లు, గుప్పెడు మెంతులు, ఉప్పు వేసి రుబ్బితే కిలో ప్యాకెట్లు 12 వచ్చాయనుకుందాం. బియ్యం కిలో 42 చొప్పున 168, మినపగుళ్లు 125, మెంతులూ ఉప్పూ 7. మొత్తం 300. అంటే ప్యాకెట్టుకి 25. కవరు, స్టిక్కరు 2. గ్రైండర్ తిరిగినందుకు కరెంటు, నీళ్లు 2. కొట్లకి వేయడానికి స్కూటీ పెట్రోలు 1. వెరసి ప్యాకెట్టుకి 30 రూపాయలు.

కిరాణా కొట్టు వాళ్లు 50కి అమ్ముకుంటారు, మీకు 45 ఇస్తారు. 45లోంచి 30 తీసేస్తే 15. ఈ 15 చూసి "ప్యాకెట్టుకి పదిహేను లాభం" అనుకుంటే తప్పులో కాలేసినట్టే. ఇది ఇంకా లాభం కాదు. ఒక్కో ప్యాకెట్టూ 15 రూపాయలు తెచ్చి ఆ 4,800 అనే గొయ్యిలో వేస్తుంది. గొయ్యి పూడాక పడేవే మీవి.

గొయ్యి పూడ్చడానికి ఎన్ని ప్యాకెట్లు కావాలి? 4,800ని 15తో భాగించండి. 320. ఆదివారాలు సెలవు పోను నెలకి 26 రోజులనుకుంటే రోజుకి 13. పన్నెండు అమ్మిన నెల చేతి డబ్బు పడుతుంది, పదమూడు అమ్మితే బయటపడతారు. ఇంతే సూత్రం: స్థిరమైన ఖర్చుని, ఒక్కోదాని మీద మిగిలేదానితో భాగించడం.

పిల్లల గ్రాఫు కాగితం తీసుకోండి

అంకెలంటే తలనొప్పి అనుకునేవాళ్లు బొమ్మ గీసి చూడండి. అడ్డంగా ప్యాకెట్లు, నిలువుగా రూపాయలు. రాబడి గీత సున్నా దగ్గర మొదలవుతుంది. ఏమీ అమ్మకపోతే ఏమీ రాదు కదా. 400 ప్యాకెట్ల దగ్గర 18,000కి ఒక చుక్క పెట్టి, సున్నా నుంచి స్కేలుతో కలిపేయండి. ఖర్చు గీత సున్నా దగ్గర మొదలవదు. ఏమీ అమ్మకపోయినా 4,800 ఉంది కాబట్టి అక్కణ్నుంచి బయల్దేరుతుంది. 400 ప్యాకెట్లకి ఖర్చు 4,800, దానికి 12,000 కలిపితే 16,800. అక్కడ చుక్క పెట్టి కలపండి. రెండు గీతలూ 320 ప్యాకెట్ల దగ్గర, 14,400 రూపాయల ఎత్తులో కలుస్తాయి. దానికి ఎడమ పక్కంతా నష్టం, కుడి పక్కంతా లాభం.

ప్యాకెట్ల సంఖ్య ఎంతో చెబితే ఖర్చెంతో చెప్పేసే ఇలాంటి తిన్నని గీతనే లెక్కల పుస్తకాల్లో రేఖీయ ప్రమేయం అంటారు. గీతకీ సమీకరణానికీ ముడిపెట్టే ఈ పద్ధతి 1637లో ఫ్రాన్సు దేశపు డెకార్ట్ రాసిన పుస్తకంతో పేరుకెక్కింది. ఫ్యాక్టరీ ఇంజనీర్లు దాన్ని లాభనష్టాల లెక్కకి వాడుకోవడం ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో పెరిగింది. ఫ్యాక్టరీకి పనికొచ్చింది గ్రైండర్‌కి పనికిరాకపోతుందా?

బొమ్మ గీస్తే ఇంకో సంగతి కంటికే కనపడుతుంది. ప్యాకెట్టు 30కి అమ్మారనుకోండి. రెండు గీతలూ రైలు పట్టాల్లా పక్కపక్కనే పోతాయి, ఎక్కడా కలవవు. 28కి అమ్మితే, పోయే కొద్దీ దూరమవుతాయి. అలాంటప్పుడు "ఎక్కువ అమ్మితే సరిపోతుందిలే" అన్న ఆశ పనికి రాదు. ఎక్కువ అమ్మితే ఎక్కువ నష్టం!

మరి మీ జీతమో?

పైన వేసిన 4,800లో ఒక ఖర్చు రాయలేదు. గమనించారా? పప్పు కడిగింది, రుబ్బింది, కవర్లు కట్టింది, పొద్దున్నే కొట్లు తిరిగి వేసి వచ్చింది ఎవరు? ఆవిడ కూలి ఎక్కడ?

మన ఆడవాళ్ల లెక్కల్లో ఎప్పుడూ జారిపోయేది ఇదే. "నా కష్టానికి కూలేమిటి, ఇంట్లో పనేగా!" అంటారు. అదే పని పక్కింటి అమ్మాయిని పెట్టి చేయిస్తే ఊరికే చేస్తుందా?

ఆవిడ రోజుకి 20 ప్యాకెట్లు అమ్ముతోందనుకుందాం. నెలకి 520. ఒక్కోదాని మీద 15 చొప్పున 7,800. గొయ్యికి 4,800 పోగా 3,000 మిగులుతుంది. పరవాలేదే అనిపిస్తుంది. కానీ రోజుకి అయిదు గంటల పని, 26 రోజులు, అంటే 130 గంటలు. గంటకి 23 రూపాయలు. రోజుకి 115. మన రాష్ట్రంలో 2024-25లో ఉపాధి హామీ పనికి నిర్ణయించిన రోజు కూలే 300!

కాబట్టి నెలకి కనీసం ఒక 6,000 మీ పేరున స్థిరమైన ఖర్చుల్లో రాయండి. అప్పుడు గొయ్యి లోతు 10,800. దాన్ని 15తో భాగిస్తే 720 ప్యాకెట్లు, రోజుకి 28. ఇదీ అసలు గిట్టుబాటు అంకె. రోజుకి ఇరవై అమ్ముతూ నెలకి మూడు వేలు లాభం అనుకున్న ఆవిడ నిజానికి మూడు వేలు లోటులో ఉంది. ఆ లోటు పూడుస్తున్నది ఆవిడ నడుమే.

అలాగని మూసేయమని కాదు. పిల్లలు బడికెళ్లాక దొరికే ఆ అయిదు గంటల్లో ఇంకో పనికి వెళ్లే వీలు లేనివాళ్లు మూడు వేలైనా చాలనుకోవచ్చు. అది వాళ్ల ఇష్టం. తెలిసి ఒప్పుకోవడం వేరు, తెలియక లాభమని మురిసిపోవడం వేరు.

లిజ్జత్ పాపడ్ సంగతి మీకు తెలిసిందే. 1959 మార్చి 15న బొంబాయిలో ఏడుగురు గుజరాతీ ఇల్లాళ్లు 80 రూపాయల అప్పుతో మొదలుపెట్టారు. ఆ ఏడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్‌కి 2021లో పద్మశ్రీ వచ్చింది. వాళ్ల కథ చెప్పేటప్పుడు అందరూ 80 రూపాయల్నే చెబుతారు. నాకు మాత్రం వాళ్ల పద్ధతిలో రెండు సంగతులు ముఖ్యమనిపిస్తాయి. ఎవరింట్లో వాళ్లు ఒత్తుకొస్తారు కాబట్టి పెద్ద షెడ్డు అద్దె అక్కర్లేదు. అంటే ఖర్చు గీత బాగా కిందనే మొదలవుతుంది. రెండోది, ఒత్తినవాళ్లకి ఒత్తిన కిలోల లెక్కన కూలి కడతారు. ఆడవాళ్ల శ్రమ "ఇంటి పని" కింద కొట్టుకుపోకుండా అప్పడం ధరలోకి ఎక్కింది.

రెండు రూపాయలే కదా అనకండి

గిట్టుబాటు అంకె గోడ మీద మేకులా కదలకుండా ఉండదు. మినపగుళ్లు కిలోకి 24 పెరిగాయనుకోండి. 12 ప్యాకెట్లకి పంచితే ప్యాకెట్టుకి రెండు రూపాయలే. "రెండు రూపాయలకి ధర ఏం పెంచుతాంలే" అని ఊరుకుంటే, మిగిలేది 15 నుంచి 13కి పడిపోతుంది. 10,800ని 13తో భాగిస్తే 831. రోజుకి 32! రెండు రూపాయల నిర్లక్ష్యం రోజుకి నాలుగు ప్యాకెట్ల చాకిరీ పెంచింది.

ఇంకో వీధిలో ఎవరో పిండి మొదలుపెట్టారు, పోటీకి మీరు 45ని 40 చేశారు. మిగిలేది 10. గిట్టుబాటు 1,080 ప్యాకెట్లు, రోజుకి 42. ధర తగ్గించింది తొమ్మిదో వంతే, అమ్మాల్సింది మాత్రం ఒకటిన్నర రెట్లయింది. డిస్కౌంటు బోర్డు పెట్టే ముందు ఈ లెక్క వేసుకోవాలి.

అదే మూడు రూపాయలు పెంచారనుకోండి, 48. "అమ్మో, కొనేవాళ్లు పోతారు" అని భయం. కొందరు పోతారు, నిజమే. 45కి రోజుకి 30 అమ్మేటప్పుడు నెలకి, మీ జీతం పోను, 900 మిగిలేది. 48కి పెంచాక నలుగురు మానేసి 26కి దిగినా 1,368 మిగులుతుంది. నాలుగు ప్యాకెట్లు తక్కువ రుబ్బి మరీ! అలాగని పెంచుకుంటూ పోవచ్చని కాదు. మీ పిండి పుల్లబడకుండా ఉండి, ఇడ్లీ మల్లెపూవులా వస్తుందని నలుగురికీ నమ్మకం ఉన్నప్పుడే అది చెల్లుతుంది.

ఇప్పటిదాకా రుబ్బినవన్నీ అమ్ముడుపోతాయన్నట్టే లెక్క వేశాం. ఎండాకాలంలో మన వైపు పిండి మధ్యాహ్నానికే పొంగి కవరు ఉబ్బుతుంది. కొట్టువాళ్లు అమ్ముడుపోనివి తిరిగిచ్చేస్తారు. పదిలో ఒకటి వెనక్కి వచ్చిందనుకుందాం. పది రుబ్బడానికి 300 ఖర్చు, తొమ్మిది అమ్మితే 405 రాబడి. పదింటి మీద 150 మిగలాల్సింది 105కి తగ్గింది. ఇప్పుడు రోజుకి 40 రుబ్బి 36 అమ్మితే గానీ గిట్టదు. ఇరవై ఎనిమిది కాస్తా ముప్పై ఆరయింది. అందుకే శ్రద్ధగా చేసేవాళ్లు ఎక్కువ రుబ్బడం కంటే, ఏ కొట్లో ఏ రోజు ఎన్ని పోతాయో రాసుకుని అన్నే వేస్తారు.

అరువు సంగతి కూడా అంతే. "మొదటి తారీఖున ఇస్తానమ్మా" అన్న ప్యాకెట్టుకి మీ చేతి నుంచి 30 ఇప్పటికే పోయింది. వాయిదాల మీద చీరలు ఇచ్చేవాళ్లకి ఇది మరీ కష్టం. ఒక్క చీర డబ్బు ఎగ్గొడితే దాని అసలు రాబట్టడానికి ఎన్ని చీరల మీద మిగులు కావాలో లెక్క వేసి చూడండి. 700కి తెచ్చి 840కి అమ్మే చీరయితే, ఒకటి మునిగితే అయిదు చీరల మిగులు దానికే సరి.

అప్పు చేసే ముందు

చాలామంది ఈ లెక్కని వ్యాపారం పెట్టాక, అది నడవనప్పుడు వేస్తారు. వేయాల్సింది గాజులు కుదవ పెట్టక ముందు.

నూటికి రెండు రూపాయల వడ్డీకి 50,000 తెచ్చారనుకోండి. నెలకి వడ్డీ ఒక్కటే 1,000. ప్యాకెట్టుకి 15 మిగిలే లెక్కన 67 ప్యాకెట్లు ఆ వడ్డీకే చాలవలసి వస్తుంది. రోజుకి 28 చేసే మనిషికి అది దాదాపు రెండున్నర రోజుల పని. అసలు ఇంకా కదలనే లేదు. వడ్డీని రూపాయల్లో కాకుండా ఇలా ప్యాకెట్లలోకి, జాకెట్లలోకి మార్చి చూసుకుంటే మీ చేతులకి ఎంత పని పెడుతున్నారో తెలుస్తుంది.

సంఘం నుంచి తెస్తే వడ్డీ తక్కువే. కానీ అక్కడ ఇంకో బరువుంది. మన ప్రాంతానికి ఈ సంఘాల చరిత్ర కొత్తది కాదు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో కలిసే దాకా సూళ్లూరుపేట నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఆ నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం 1992లో జిల్లా అంతా పాకి, 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం దాకా వెళ్లింది. ఆ వెనకే అదే జిల్లాలో పొదుపులక్ష్మి వచ్చింది. సారా కొట్టుకి పోయే డబ్బులోంచి రోజుకో రూపాయి దాచుకోవాలన్నది ఆలోచన. తరవాత డ్వాక్రా సంఘాలు, బ్యాంకు అప్పులు పెరిగాయి.

రోజుకో రూపాయి దాచినప్పుడు నష్టపోవడానికి పెద్దగా ఏమీ లేదు. అప్పు తెచ్చినప్పుడు అలా కాదు. సంఘంలో ఒకావిడ వ్యాపారం మునిగితే ఆవిడ వాయిదా మిగతావాళ్ల మెడకు చుట్టుకుంటుంది. నెలకి వాయిదా దగ్గర పడుతుంటే ఆ ఇంటి ముందు నుంచి నడవడానికే మొహమాటపడే పరిస్థితి వస్తుంది. పది మంది స్నేహం ఒక గ్రైండర్ దగ్గర చెడుతుంది. సంఘం మీటింగులో "గ్రైండర్ కొంటాను, లక్ష కావాలి" అన్న ఇల్లాలిని "రోజుకి ఎన్ని అమ్మితే గిట్టుతుంది? ఇప్పుడు నీకు ఎన్ని కొట్లు ఒప్పుకున్నాయి?" అని అడగడం అనుమానించినట్టు కాదు. అడగకుండా సంతకం పెట్టడమే అన్యాయం, ఆవిడకీ మీకూ.

బజారు వీధిలో షాపు తీసుకోవచ్చా?

జాకెట్లు కుట్టేవాళ్ల లెక్క వేరేగా నడుస్తుంది. అక్కడ సరుకు ఖర్చు తక్కువ, చేతి పని ఎక్కువ. కుట్టుకూలి 150 తీసుకుంటే లైనింగు, దారం, హుక్కులకి 50 పోయి 100 మిగులుతుందనుకుందాం. మిషను వాయిదా, కరెంటు 3,500, మీ జీతం 8,000. మొత్తం 11,500. నెలకి 115 జాకెట్లు, రోజుకి దాదాపు అయిదు. ఇంటి పని చూసుకుంటూ ఒక్క మనిషి అయిదు కుట్టగలదు.

ఇప్పుడెవరో అంటారు: "ఇంట్లో ఉంటే ఎవరికి తెలుస్తుంది? బజారు వీధిలో షాపు తీసుకో." అద్దె 6,000 అనుకుందాం. గొయ్యి 17,500 అయింది. 175 జాకెట్లు కావాలి, రోజుకి ఏడు. ఏడు కుట్టాలంటే రాత్రి పదకొండు దాకా మిషను తొక్కాలి. గిట్టుబాటు అంకె మీ చేతులు చేయగల పనిని దాటిపోయిందన్నమాట. గిరాకీ ఎంత ఉన్నా ఒంటరిగా ఆ షాపు నిలబెట్టలేరు.

జాకెట్టుకి 60 ఇచ్చి ఒక అమ్మాయిని పెట్టుకుంటే? అప్పుడు ఆ అమ్మాయి కుట్టిన వాటి మీద మీకు మిగిలేది 100 కాదు, 40. మీరు నెలకి 130 కుడితే 13,000 వచ్చింది. మిగతా 4,500కి ఆ అమ్మాయి 113 కుట్టాలి. మొత్తం 243 జాకెట్లు. నెలకి 243 జాకెట్లు మీ దగ్గరికి వస్తాయా? పెళ్లిళ్ల నెలల్లో రావచ్చు. ఆషాఢంలో? అద్దెకి మాత్రం ఆషాఢం లేదు. షాపు తాళం తీసుకునే ముందు పోయినేడు ఏ నెలలో ఎన్ని కుట్టారో పాత పుస్తకం తిరగేయండి. పాత పుస్తకం లేకపోతే ఇవాళే ఒకటి మొదలుపెట్టి, షాపు మాట ఆరు నెలలు ఆపండి.

ఇక్కడే ఇంకో సంగతి. తిన్నని గీత కొంతదూరమే తిన్నగా ఉంటుంది. పిండి వ్యాపారంలో ఒక గ్రైండర్ రోజుకి 60 ప్యాకెట్ల దాకా లాగుతుందనుకుంటే, 61వ ప్యాకెట్టుకి రెండో గ్రైండర్ కావాలి. వాయిదా రెట్టింపు, గొయ్యి మళ్లీ లోతు. గీత అక్కడ మెట్టులా పైకి ఎగురుతుంది. వ్యాపారం బాగా సాగుతున్నప్పుడే చాలామంది దెబ్బ తినేది ఈ మెట్టు దగ్గరే. మెట్టెక్కితే మళ్లీ కొత్త లెక్క వేయాలి.

మూడు రోజుల వ్యాపారం

చివరగా మన ఊరి పండగ. పులికాట్‌కి ఫ్లెమింగోలు, నేలపట్టుకి గూడబాతులు వచ్చే రోజుల్లో సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ జరపడం మీకు తెలుసు. మధ్యలో కొన్నేళ్లు ఆగి, 2025 జనవరిలో మళ్లీ మూడు రోజులు జరిపారు. ఇలాంటి చోట ఒక బజ్జీల స్టాలు పెట్టాలని చాలామందికి ఉబలాటంగా ఉంటుంది.

పందిరి, బల్లలు 1,800 అనుకుందాం. ఇద్దరు సహాయకులకి రోజుకి 400 చొప్పున మూడు రోజులకి 2,400. ఆటో, సామాను 800. మీ కష్టానికి 1,000. మొత్తం 6,000. ప్లేటు 40, అందులో శనగపిండి, మిరపకాయలు, నూనె, గ్యాసు, ప్లేటు ఖర్చు 22. మిగిలేది 18. 6,000ని 18తో భాగిస్తే 334 ప్లేట్లు. రోజుకి 112. ఎనిమిది గంటలు పొయ్యి వెలిగితే గంటకి 14 ప్లేట్లు, అంటే నాలుగు నిమిషాలకో ప్లేటు. మీ మూకుడులో ఒక వాయికి ఎన్ని బజ్జీలు పడతాయి, వాయి దిగడానికి ఎంతసేపు? జనం వస్తారా రారా అన్నది తరవాతి ప్రశ్న. ముందు పొయ్యి అంత ఇవ్వగలదా చూసుకోవాలి. పైగా జనం ఎనిమిది గంటలూ సమానంగా రారు. సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా ఒక్కసారిగా విరగబడతారు. ఆ మూడు గంటల్లో రెండో పొయ్యి లేకపోతే 112 మాట మరిచిపోవచ్చు.

రెండు రోజులయ్యేసరికి 200 ప్లేట్లే పోయాయనుకోండి. మూడో రోజు 134 కావాలి. మధ్యాహ్నం మూడయినా జనం పలచగానే ఉన్నారు. "నష్టం వచ్చేసిందిలే, కట్టేద్దాం" అనిపిస్తుంది. అప్పుడు కట్టేయకండి. ఆ 6,000 ఎలాగూ అయిపోయింది, మీరు ఇంటికెళ్లినా వెనక్కి రాదు. ఇక నుంచి వేయించే ప్రతి ప్లేటుకీ చూడాల్సింది 22 ఒక్కటే. పిల్లల గుంపు వచ్చి "ఆంటీ, ముప్పైకి ఇవ్వండి" అంటే ఇచ్చేయండి. ఎనిమిది రూపాయలు నష్టంలోంచి తగ్గాయి. ఇదే పని మొదటి రోజు పొద్దున్నే చేస్తే మాత్రం మూడు రోజులూ ముప్పైకే అడుగుతారు.

చీకటి పడే వేళకి గిన్నెలో కలిపిన పిండి మిగిలి ఉంటే దానికి 22 లెక్క కూడా అక్కర్లేదు. కలిపేసిన పిండి ఇంటికి తీసుకెళ్లినా పనికిరాదు. వేయించడానికి అయ్యే నూనె, గ్యాసు, ప్లేటు పైన ఎంతొస్తే అంతే నయం, ఇరవైకైనా ఇచ్చేయండి. కలపని శనగపిండి, విప్పని నూనె ప్యాకెట్లు మాత్రం జాగ్రత్తగా సంచిలో సర్దుకోండి. అవి ఇంకా డబ్బే.